అడుగున రాసిన పేరు

చిన్నపిల్లలు బొమ్మలతో ఆడుకుంటే దాన్ని ఆట అంటారు. నలభై దాటిన మగవాళ్ళు ఆడుకుంటే మాత్రం దానికొక క్లబ్బు కావాలి, సెక్రటరీ కావాలి, ముప్పై పేజీల నిబంధనల పుస్తకం కావాలి, ఏడాదికోసారి ప్రదర్శన, గోడ మీద బంగారు అక్షరాల బోర్డు కావాలి. ఇంతా చేసి బొమ్మ ఎంత ఉంటుందనుకున్నారు? చిటికెన వేలిలో సగం. దాన్ని ముక్కలుగా కొని తెచ్చుకుని, జిగురుతో అతికించి, చొక్కాకొక రంగు, బెల్టుకొక రంగు, బూట్లకంటిన బురదకొక రంగు వేస్తారు. కాళ్ళ కింద కోటు బొత్తాం అంత బిళ్ళ పెట్టి, దాని మీద ఇసుకా గడ్డీ చల్లి, అది యుద్ధభూమి అంటారు. ఆ బిళ్ళను బేసు అనాలి. బిళ్ళ అంటే వాళ్ళకి రోషం పొడుచుకొస్తుంది. ఆదివారం మధ్యాహ్నం ఇలాంటి సిపాయిలను వందమందిని బల్ల మీద బారులు తీర్చి, టేపు పెట్టి కొలుస్తూ ముందుకు జరుపుతారు. నీవాడు అంగుళం ఎక్కువ నడిచాడని ఒకడంటే, నీ టేపే సాగిపోయిందని ఇంకొకడంటాడు. నెత్తి నెరిసినవాళ్ళు చొక్కాలు పట్టుకునేదాకా వెళతారు.

పార్లరక్క మొగుడు వీళ్ళందరికీ పెద్ద దిక్కు.

అతను నీళ్ళ ఆఫీసులో గుమాస్తా. అక్కడ అతని మాట ప్యూను కూడా వినడు. క్లబ్బులో మాత్రం అతన్ని జనరల్ అంటారు. ముప్పయ్యారుమంది సిపాయిల దళానికి రంగులు వేసే పోటీలో వరసగా మూడేళ్ళు అతనిదే మొదటి బహుమతి. నాలుగో ఏడు కూడా కొడితే బోర్డు మీద పేరు ఎక్కుతుంది. ఆ బోర్డు మీద తన పేరు పట్టేంత జాగా ఎక్కడుందో అతను ముందే చూసి పెట్టుకున్నాడు. ఒకసారి పెళ్ళాన్ని తీసుకెళ్ళి వేలు పెట్టి చూపించాడు కూడా. ఆమె ఆవులింత ఆపుకుంటూ చూసింది.

పార్లరక్క తమ వీధి మొదట్లో, ఇంటి ముందు గదిలోనే, చిన్న బ్యూటీ పార్లరు నడుపుతుంది. జుట్టు కత్తిరిస్తుంది, కనుబొమలు తీరుస్తుంది. అన్నిటికంటే ఆమెకు పేరు తెచ్చింది గోళ్ళ పని. చిటికెన వేలి గోరు మీద పూల తీగె వేసి, ఆ తీగె మీద పురుగునూ, పురుగు మీద రెండు చుక్కలనూ వేయగలదు. పెళ్ళిళ్ళ రోజుల్లో పార్లరక్క దగ్గర కుర్చీ దొరకదు. ఇంత చేతి పని ఉన్న మనిషి గురించి ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తుంది" అని అడిగితే జనరల్ చెప్పే జవాబు ఒకటే: "ఏదో, గోళ్ళకి రంగు పూస్తుంది." అలాగే అతనేం చేస్తాడని ఎవరైనా అడిగితే ఆమె, "బొమ్మలకి రంగు పూస్తాడు" అనేది. ఆ ఇంట్లో పన్నెండేళ్ళుగా ఇదే లెక్క. ఒకరి పని ఒకరికి లోకువ.

ప్రదర్శన ఇంకా మూడు వారాలుందనగా జనరల్ స్టూలెక్కాడు. అటక మీద ఉన్న సిపాయిల పెట్టె దింపుతుంటే స్టూలు ఒరిగింది. మామూలు మనిషైతే పెట్టె వదిలేసి గోడ పట్టుకునేవాడు. జనరల్ పెట్టెను గుండెకు అదుముకుని తను కింద పడ్డాడు. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. పెట్టె మూత కూడా ఊడలేదు. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

"ఒక్కడికైనా ఏమైనా అయిందేమో మూత తీసి చూడు," అన్నాడు మొదట. ఆ తర్వాత గానీ అబ్బా అనలేదు.

డాక్టరు వేళ్ళ దాకా కట్టు కట్టి, ఆరు వారాలు కదపకూడదన్నాడు. పెట్టెలో ఉన్నది ముప్పయ్యారుమంది ఈటెలవాళ్ళు, మంచు కొండల రాజ్యం దళం. ఆ రాజ్యం ఎక్కడుందని అడగకండి, నిబంధనల పుస్తకంలో ఉంది. అందరికీ బూడిద రంగు పూత మాత్రమే పడింది. ఇంకా ఒక్క రంగు కూడా వేయలేదు. రంగు వేయని సిపాయికి క్లబ్బులో ప్రవేశం లేదు.

జనరల్ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు పార్లరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మామూలుగా ఆ గుమ్మం తొక్కితే తన మగతనానికి మచ్చ వస్తుందన్నట్టు పెరటి దారిన తిరిగే మనిషి. భూతద్దం ఉన్న దీపాన్నీ, సన్న బ్రష్షుల డబ్బానూ చూశాడు. గోళ్ళ మీద చుక్కలు పెట్టే సూది పుల్లను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఇది బాగుందే," అన్నాడు.

"ఏం కావాలో చెప్పండి. అవతల కస్టమరు వచ్చే వేళయింది."

"నీకు చేతి స్థిరం ఉంది కదా. నేను పక్కన కూర్చుని చెప్తాను. నువ్వు ఊరికే… నేను చెప్పినట్టు వేస్తే చాలు."

ఆమెకు నవ్వొచ్చింది. పన్నెండేళ్ళ తర్వాత మనిషి నోటి నుంచి వచ్చిన మెప్పు అదీ! చేతి స్థిరమట, అదేదో గోడకి కొట్టిన మేకు సంగతి చెబుతున్నట్టు. పొమ్మందామనుకుంది. అతని మొహం చూస్తే అనలేకపోయింది. చిన్నబుచ్చుకుని, కట్టు చేతిని ఎడమ చేత్తో మోసుకుంటూ నిలబడి ఉన్నాడు.

"వేస్తాను. ఒక్క మాట. ఎవరు వేశారని ఎవరడిగినా మా ఆవిడ వేసిందని చెప్పాలి. ఆ మాట మీ నోటితో చెప్పాలి. ఒప్పుకుంటే కూర్చోండి."

"ఓస్, ఇంతేనా! చెప్పకుండా ఎలా ఉంటాను?" అన్నాడు జనరల్. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే ఆమె అనుమానపడాల్సింది.

మర్నాటి నుంచి పార్లరు తెరిచే ముందు రెండు గంటలు, మధ్యాహ్నం ఎవరూ రాని వేళ ఒక గంట, ఆమె భూతద్దం కింద సిపాయిలను పెట్టుకుని కూర్చుంది. పక్కన కుర్చీలో జనరల్. ఇంక ఆ మనిషి నోటికి మూత లేదు. "రంగు చిక్కగా ఉంది, నీళ్ళు కలుపు. మరీ అంత కలిపితే ఎలా? బ్రష్షు మొనతో ముట్టించు, పొట్టతో కాదు. అది బెల్టు. బెల్టు కాదు, తోలు సంచీ. చెప్పేది వినవేం?" చెవిలో జోరీగ. కస్టమర్ల మాటలు వింటూ పని చేయడం అలవాటైన మనిషి కాబట్టి సరిపోయింది. ఇంకొకరైతే మొదటి రోజే ఆ నల్ల రంగు సీసా అతని నెత్తిన పోసేవారు.

కళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ పేచీ వచ్చింది. జనరల్ పద్ధతి ప్రకారం ముందు తెల్ల గీత గీసి, ఆరాక మధ్యలో నల్ల చుక్క పెట్టాలి. ఆమె నలుగురికి అలాగే వేసింది. నలుగురూ గుడ్లు మిటకరించి దడుచుకున్నవాళ్ళలా తయారయ్యారు. ఈటెలు పట్టుకుని యుద్ధానికి వెళ్ళేవాళ్ళు కాదు, ఇంట్లో తేలు కనబడితే మంచమెక్కేవాళ్ళు.

"పోయిన మూడేళ్ళూ మీవాళ్ళందరూ ఇలాగే ఉన్నారా?" అంది.

"కళ్ళంటే అలాగే ఉంటాయి."

ఆమె బ్రష్షు కడిగింది. అయిదోవాడికి ముందు నల్లగా వేసింది. సూది పుల్ల మొనకు తెలుపు అంటీ అంటకుండా అద్ది, ఆ నలుపుకు అటొక చుక్క, ఇటొక చుక్క పెట్టింది. సిపాయి చూపు తిన్నగా నిలబడింది. ఎదురుగా ఎవడో ఉన్నాడు, వాణ్ణి వీడు చూస్తున్నాడు. జనరల్ భూతద్దంలోకి వంగి చాలాసేపు చూశాడు. ఆమె ఎదురుచూసింది. ఎందుకు ఎదురుచూసిందో ఆమెకే సిగ్గేసింది.

"మెడ దగ్గర నీడ చాల్లేదు," అన్నాడు జనరల్.

ముందటి నలుగురి కళ్ళూ దిద్దేసి బేసుల పని మొదలెట్టాక అతను చెప్పడం కాస్త తగ్గింది. ఆమె వినడం పూర్తిగా మానేసింది. అతను ఎప్పుడూ కొట్లో దొరికే కంకర పొడి వాడేవాడు. ఆమె అరిగిపోయిన గోళ్ళ ఆకురాళ్ళను గీకి, ఆ గరుకు పొడిని తెల్ల జిగురు మీద చల్లింది. నిజం కంకర కూడా అంత కంకరలా ఉండదు. పనికిరాని బ్రష్షుల వెంట్రుకలు కత్తిరించి తుప్పలు చేసింది. సీసా బిరడాను చిదిపి రాళ్ళు పేర్చింది, గడ్డి పొడి జల్లెడలో పోసి రాల్చింది, అంచులకు మట్టి రంగు తిప్పింది. మూడో వారానికి ఆమెకు ఆ పని నచ్చింది. ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు. పన్నెండేళ్ళు ఎగతాళి చేసిన పనిని పొద్దున్నే లేచి మొహం కడుక్కోకుండా ముందేసుకు కూర్చుంటోందంటే, తనను తను చూసుకుని నవ్వాలో తిట్టుకోవాలో తెలియలేదు.

ఆఖరి సిపాయి ఆరిన రోజు జనరల్ పెట్టె సర్దుకున్నాడు. "నేను ముందు వెళ్ళి బల్ల మీద పేరుస్తాను. నువ్వు పార్లరు మూసి మెల్లగా రా," అన్నాడు. తోడుగా అతని అక్క వెళ్ళింది. రెండు వీధుల అవతల ఉండే ఈ వదినగారి గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, తమ్ముడు తుమ్మినా రాగం ఉందంటుంది. నెలకోసారి పార్లరుకొచ్చి ఉచితంగా కనుబొమలు తీర్పించుకుంటూ, "మా తమ్ముడి చేతిలో ఉంది కళ, ఎవరి చేతికి పడితే వాళ్ళ చేతికి రాదు," అని, కనుబొమలు తీరుస్తున్న చేతికే చెబుతుంది.

ఆమె మధ్యాహ్నం రెండున్నరకు బయల్దేరింది. క్లబ్బు ఒక ఫర్నిచర్ షాపు మీది అంతస్తులో ఉంది. మెట్ల మీద వార్నిష్ వాసన. పైన పొడుగాటి హాలు, పన్నెండు బల్లలు, వాటి మీద ఆకుపచ్చ గుడ్డలు, ఆ గుడ్డల మీద సైన్యాలు. ఒక పక్క ఇద్దరు ఆడుతున్నారు. సెక్రటరీ మెడలో టేపు వేసుకుని వాళ్ళ మధ్య దూరాడు. ఆయన ఒకప్పుడు తూనికలు కొలతల ఇన్స్పెక్టరు. రిటైరయ్యాక కొలిచే దురద తీరక ఇక్కడ చేరాడు. అందరూ ఆయన్ని టేపు బాబాయి అంటారు.

జనరల్ బల్ల దగ్గర పదిమంది మూగి ఉన్నారు. మధ్యలో వదినగారి గొంతు ఖంగున మోగుతోంది.

"కుడి చేయి విరిగితే మాత్రం ఊరుకున్నాడా? ఎడమ చేత్తో వేశాడు! మూడు వారాలు రేయింబవళ్ళు కష్టపడ్డాడు మా తమ్ముడు."

"ఎడమ చేత్తోనా! జనరల్ జనరలేనండీ," అన్నాడెవడో.

జనరల్ పక్కనే ఉన్నాడు. అబద్ధం అతను చెప్పలేదు. అక్క చెబుతుంటే నేల చూపులు చూస్తూ, "ఏదో, తప్పదు కదా," అని సిగ్గుపడుతున్నాడు. ఆ సిగ్గు చూడగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది.

ఆమెను చూడగానే జనరల్ మొహంలో రంగు మారింది. వెంటనే సర్దుకున్నాడు. "ఇదిగో, మా ఆవిడ. చాలా సాయం చేసింది," అన్నాడు.

"టీలూ కాఫీలూ అందించి ఉంటారు పాపం," అన్నాడు ఇందాకటివాడు. అందరూ మర్యాదగా నవ్వారు.

సాయం! ముప్పయ్యారుమంది, డెబ్భై రెండు కళ్ళు, ముప్పయ్యారు బేసులు, మూడు వారాల నడుం నొప్పి. అంతా కలిపి సాయం. కూర చేసిన మనిషిని పట్టుకుని ఉప్పు అందించిందని చెప్పినట్టుంది. ఆమె అతని మోచేయి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది.

"మీరు నాకేం చెప్పారు?"

"అరవకు. బోర్డు మీద పేరు ఇప్పుడు పోతే మళ్ళీ నాలుగేళ్ళు. నువ్వు వేశావని మన ఇంట్లో అందరికీ తెలుసు కదా."

"మన ఇంట్లో అందరూ అంటే ఎవరు? మీరూ నేనూ. ఇందులో ఎవరికి తెలియాలని?"

"ఇవాళ్టికి ఊరుకో. బహుమతి వచ్చాక నెమ్మదిగా చెప్తాను."

ఇంతలో పోటీ జడ్జి వచ్చాడు. ఆయన గడియారాలు బాగుచేసే పెద్దాయన. కంటికి పెట్టుకునే గొట్టం అద్దం ఆయన నుదుటి మీదే ఉంటుంది. పనికీ కబుర్లకీ తేడా తెలిసినవాడు ఆ హాలు మొత్తంలో ఈయనొక్కడే. అద్దం కంటికి బిగించుకుని బల్ల మీదికి వంగాడు. ఒక సిపాయిని చూశాడు, వాడి పక్కవాణ్ణి చూశాడు. మొదటి వరస చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటివాడి దగ్గరికి వచ్చాడు. 

"కళ్ళు…" అన్నాడు పెద్దాయన. "నేను పదిహేనేళ్ళుగా ఇక్కడ చూస్తున్నాను. చూస్తున్న సిపాయిని చూడటం ఇదే మొదలు."

ఆమె కిటికీ దగ్గర నిలబడి విన్నది.  అది తనకు దక్కాల్సిన మాట. అది ఇప్పుడు పక్కనున్న మనిషి ఖాతాలో పడుతోంది. ఏడుపొచ్చినంత పనైంది.

క్లబ్బు నిబంధన ఒకటుంది. రంగు వేసినవారి పేరు ప్రతి బేసు అడుగునా రాసి ఉండాలి. పెద్దాయన మొదటి సిపాయిని రెండు వేళ్ళతో ఎత్తి తలకిందులు చేశాడు. అద్దం సర్దుకున్నాడు. రెండోవాణ్ణి ఎత్తాడు. మూడోవాణ్ణి ఎత్తాడు. ప్రతి అడుగునా జనరల్ పేరే ఉంది. అక్షరాలు మాత్రం ఒకటి కొండెక్కితే ఒకటి గోతిలో పడ్డాయి. ఒత్తు ఉండాల్సిన చోట మరక ఉంది. ఒకచోట పేరు పట్టక సగంలో ఆగిపోయింది.

"ఈ పేరు ఎవరు రాశారు?" అన్నాడు.

"నేనే," అన్నాడు జనరల్.

"ఏ చేత్తో?"

"ఎడమ చేత్తో. కుడి చేయి కట్టులో ఉంది కదండీ."

"మరి కళ్ళు ఏ చేత్తో వేశావు నాయనా?"

జనరల్ తన కట్టు చేతి వైపు చూసుకున్నాడు. ఆమెకు అప్పుడర్థమైంది. అంత తెలివైనవాడు, అంగుళంలో నాలుగో వంతుకు కూడా తగవు పడేవాడు, ముప్పయ్యారు బేసులు తిప్పి, ముప్పయ్యారుసార్లు తన వంకర రాతను తనే చూసుకుంటూ రాసి కూడా, ఈ ఒక్క ప్రశ్న ఎవరైనా అడుగుతారని అనుకోలేదు. పేరు మీద అంత ఆశ అన్నమాట.

"కళ్ళూ ఎడమ చేత్తోనే!" అంది వదినగారు గర్వంగా.

పెద్దాయన జేబులోంచి పెన్సిల్ తీసి, తన చేతి కాగితం తిరగేసి, జనరల్ ముందు పెట్టాడు. "ఒక్క చుక్క పెట్టు. ఆవగింజలో సగం ఉండాలి. దాని పక్కన ఇంకొకటి, ముట్టుకోకుండా."

జనరల్ పెన్సిల్ ముట్టుకోలేదు. 

"మా ఆవిడ సాయం చేసిందన్నాను కదండీ."

"ఏం సాయం?"

"రంగులు… ఆవిడ వేసింది."

"బేసులు?"

"అవీ ఆవిడే."

"మరి నువ్వేం చేశావు?"

"చెప్పాను," అన్నాడు జనరల్.

హాలంతా ఘొల్లుమంది. ఆట ఆడుతున్న ఇద్దరు కూడా పాచికలు పక్కన పెట్టి వచ్చారు. పెద్దాయన నవ్వలేదు. కంటి అద్దం నుదుటి మీదికి తోసి ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు చెప్పు. ఇద్దరం కలిసి చేశామంటే ఇద్దరి పేర్లూ రాసుకుంటాను. నిబంధన ఒప్పుకుంటుంది. ఇంక ఎవరూ ఏమీ అనరు."

జనరల్ ఆమె వైపు చూశాడు. గుమ్మంలో కట్టు చేతిని మోసుకుని నిలబడ్డ రోజు చూసినట్టే చూశాడు. ఒక్క మాటంటే చాలు, అతని పరువు నిలబడుతుంది, బోర్డు మీద సగం జాగా అయినా దక్కుతుంది. ఆమె ఆ మాట నోటిదాకా తెచ్చుకుంది. సాయం అన్న మాట గుర్తొచ్చింది. నోట్లో మాట వెనక్కి పోయింది.

"మూతలు కూడా నేనే తీశాను," అంది. "ఒంటి చేత్తో రంగు సీసా మూత రాదండీ."

టేపు బాబాయి నిబంధనల పుస్తకం తిరగేశాడు. నాలుగింటికి జడ్జి పని ముగిసేలోగా అడుగున పేరు దిద్దుకోవచ్చనీ, వేసిన మనిషి మెంబరు కానక్కరలేదనీ చదివి వినిపించాడు. అప్పటికి మూడున్నర. వదినగారు ఆమె దగ్గరికి విసవిసా వచ్చింది.

"నలుగురిలో మొగుడి పరువు తీశావు. కడుపు చల్లబడిందా?"

"వదినా, ఆ పరువు ముప్పయ్యారు చోట్ల అడుగున రాసి ఉంది. వెళ్ళి చదువుకోండి."

వదినగారు చదువుకోలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మొగుడూ పెళ్ళాలు సిపాయిలను తెచ్చుకుని హాలు చివర ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నారు. ఆమె హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండే సామాను బయట పెట్టింది. జనరల్ గోళ్ళ రంగు తుడిచే సీసా వైపు చేయి చాచాడు. ఆమె చేతి మీద ఒక్కటిచ్చింది.

"అది పోస్తే ప్లాస్టిక్ కరిగిపోతుంది. బేసులు బంకైపోతాయి. స్పిరిట్టు తీయండి. దూది చివర మాత్రం తడపండి."

అతను ఎడమ చేత్తో తన పేరు తుడవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటే తుడిచి ఇస్తుంటే, ఆమె తెల్ల రంగుతో, సన్న బ్రష్షుతో తన పేరు రాస్తోంది. "నెమ్మదిగా. అంచు రంగు లేచిపోతుంది. చెప్పేది వినరేం?" అంది. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. అతను వినిపించుకోనట్టు తుడుస్తూనే ఉన్నాడు.

సంతోషంగా ఉండాల్సింది. లేదు. ఇటువైపు వచ్చిన ప్రతివాడూ జనరల్‌ను చూసి, "చెప్పావా, ఇంకా ఏమైనా చెప్పాలా?" అని పళ్ళికిలించి పోతున్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది. తాము కొనుక్కున్న ప్లాస్టిక్ ముక్కలకు తిన్నగా మూతి కూడా గీయలేని మొహాలు వీళ్ళు. ఈ మనిషిని చూసి నవ్వే హక్కు పన్నెండేళ్ళుగా తనది. మధ్యలో వీళ్ళెవరు? ఇంకొకడు నవ్వుతూ దగ్గరికి రాబోతే ఆమె తలెత్తి చూసింది. వాడు దారి మార్చుకున్నాడు.

ఇరవయ్యో సిపాయి దగ్గరుండగా, చేతిలో కొలతల కాగితంతో ఒకావిడ వచ్చింది. కింద షాపులో మంచం చూడటానికి వచ్చి, పైన ఏదో జరుగుతోందని మెట్లెక్కింది. ఇందాకటి గొడవ ఆమెకేమీ తెలియదు. పేర్చి ఉన్న సిపాయిల మీదికి వంగి, "అబ్బ, ఎంత బాగున్నాయో! ఎవరు చేశారండీ?" అని జనరల్‌ను అడిగింది.

పార్లరక్క బ్రష్షు ఎత్తలేదు, తలెత్తలేదు. చుట్టుపక్కల ఎవరూ లేరు. జడ్జి లేడు, నవ్వేవాడు లేడు. ఇక్కడ ఏం చెప్పినా చెల్లుతుంది.

"మా ఆవిడ," అన్నాడు జనరల్.

"మీరూ ఒక చేయి వేశారా?"

"లేదండీ. మొత్తం ఆవిడే. ఆ కళ్ళు చూడండి, ఇలా వంగి చూడండి. నాకు ఇరవై ఏళ్ళుగా రాలేదు అలా వేయడం. ఇదిగో ఈ పుల్లతో పెట్టింది."

 మూడు వారాలుగా, బహుశా పన్నెండేళ్ళుగా, ఆమె ఎదురుచూసిన మాట అదే. బలవంతం ఎవరూ చేయకుండా వచ్చింది. కళ్ళు తుడుచుకుంటే రంగు అంటుతుందని ఊరుకుంది.

"బేసులు మాత్రం చూడండి," అన్నాడు జనరల్ అదే గొంతుతో. "గడ్డి ఎక్కువైంది. వీళ్ళు మంచు కొండలవాళ్ళు. అక్కడ అంత గడ్డి ఎందుకు మొలుస్తుందండీ?"

పార్లరక్క బ్రష్షు పక్కన పెట్టింది.

"ఎక్కడ ఎక్కువైంది? చూపించండి."

"ఇదిగో, ఏడోవాడు. మోకాళ్ళు కనబడుతున్నాయా? వీడు యుద్ధానికి వచ్చాడా, పశువుల్ని మేపడానికి వచ్చాడా?"

"అది కొండ దిగువ. దిగువన గడ్డి ఉంటుంది."

"ఏడోవాడొక్కడే దిగువన ఉన్నాడా? ఎనిమిదోవాడు వాడి పక్కనే కదా నిలబడ్డాడు!"

మంచం కొనడానికి వచ్చినావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మంచమే నయమనుకుని మెట్ల వైపు నడిచింది. వాళ్ళు గమనించలేదు. గోడ గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఇంకా పదహారుమంది అడుగున పేర్లు దిద్దాలి.

"తుడవండి ముందు," అంది ఆమె. అతను దూది తడుపుకోవడానికి తల వంచగానే ఏడోవాణ్ణి ఎత్తి భూతద్దం లేకుండానే కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. మోకాళ్ళు కనబడటం లేదన్న మాట నిజమే. ఆమె వాణ్ణి చప్పుడు కాకుండా తీసుకెళ్ళి ఆఖరి వరసలో పెట్టింది.